ఇంటి గుర్తు ఎంత సడలింది? బెంగళూరు తెలుగు వాడల్లో 200 మందితో సర్వే చేసే తీరు

"మాది మొదట్నుంచీ చెయ్యి గుర్తే", "మా ఇంట్లో సైకిల్ తప్ప ఇంకోటి తెలీదు". కె.ఆర్.పురంలోనో బొమ్మనహళ్లిలోనో అద్దెకుండే తెలుగు ఇళ్లలో పెద్దవాళ్ల నోట ఈ మాటలు ఇంకా వినిపిస్తాయి. అదే ఇంట్లో కొడుకూ కోడలూ మాత్రం "అప్పటికి ఎవరు పనికొస్తే వాళ్లకే" అంటారు. బతుకుతెరువుకు నిలకడ పోయింది కాబట్టే పార్టీ మీద మమకారం పోయిందని టీవీ చర్చల్లో సులువుగా తేల్చేస్తుంటారు. ఆ మాట ఒక వాడలో ఎంతవరకు నిజమో చూడాలంటే నలుగురు మనుషులు, పాతిక సాయంత్రాలు, 200 ఫారాలు చాలు. పద్ధతి తప్పితే 2,000 ఫారాలు నింపినా ఏమీ తేలదు.

సీట్ల లెక్కతో మొదలుపెట్టకండి

ఈ విషయంలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. గెలిచిన సీట్లు చూసి జనం పార్టీ మార్చేశారంటాం. ఆంధ్రలో వైఎస్సార్సీపీకి 2019లో 151 సీట్లు వచ్చాయి, 2024లో 11. ఊడ్చుకుపోయినట్టే కనిపిస్తుంది. ఓట్లు చూస్తే సుమారు 50 శాతం నుంచి 39 శాతానికి దిగింది. కర్ణాటకలో దీనికి తలకిందుల ఉదాహరణ ఉంది. 2023 అసెంబ్లీలో కాంగ్రెస్ 42.9 శాతం ఓట్లతో 135 సీట్లు గెలిచింది. ఏడాది తిరిగేసరికి లోక్‌సభ ఎన్నికల్లో 28కి 9 సీట్లే వచ్చాయి. కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చిన గ్యారంటీ పథకాలు పనిచేయలేదని చాలామంది తీర్పిచ్చేశారు. కానీ ఆ పార్టీ ఓటు వాటా తగ్గలేదు, 45 శాతం దాటింది. బీజేపీ, జేడీఎస్ కలిసి పోటీ చేయడంతో సీట్లు తారుమారయ్యాయి.

ఓటు వాటాల కదలికను ఒక్క అంకెలో చెప్పడానికి పెడర్సన్ సూచీ వాడతారు. రెండు ఎన్నికల మధ్య ప్రతి పార్టీ వాటాలో వచ్చిన తేడాను, ప్లస్ మైనస్ గుర్తులు వదిలేసి కలిపి, రెండుతో భాగించాలి. కర్ణాటకలో 2018 నుంచి 2023కి కాంగ్రెస్ సుమారు 38.1 నుంచి 42.9కి, బీజేపీ 36.3 నుంచి 36.0కి, జేడీఎస్ 18.3 నుంచి 13.3కి వచ్చాయి. మిగిలినవాళ్లందరినీ ఒకే మూటగా కడితే 7.3 నుంచి 7.8. తేడాలు 4.8, 0.3, 5.0, 0.5. మొత్తం 10.6, అందులో సగం 5.3. ప్రభుత్వం మారిపోయిన ఎన్నికకు ఇది చిన్న అంకె.

అయితే ఈ సూచీకి ఒక లోపం ఉంది. పదిమంది కాంగ్రెస్ నుంచి బీజేపీకి వెళ్లి, పదిమంది అటు నుంచి ఇటు వస్తే సూచీ సున్నా చూపిస్తుంది. ఇరవై మంది గుర్తు మార్చారన్న సంగతి అందులో కనిపించదు. ఒక్కో మనిషి వేసిన ఓట్ల వరుస అడగక తప్పదనడానికి కారణం అదే.

నాలుగు ఓట్ల వరుస

ఫారంలో ముఖ్యమైన పట్టిక ఇది. 2018 అసెంబ్లీ, 2019 లోక్‌సభ, 2023 అసెంబ్లీ, 2024 లోక్‌సభ. నాలుగు గళ్లు. ఓటు కర్ణాటకలో ఉన్నవాళ్లకు ఈ వరుస. ఊళ్లో ఉన్నవాళ్లకు వేరే ఫారం కావాలి. ఆంధ్రలో అసెంబ్లీ, లోక్‌సభ ఒకే రోజున జరుగుతాయి కాబట్టి 2014, 2019, 2024 మూడు గళ్లు పెట్టి, ఎమ్మెల్యే ఓటూ ఎంపీ ఓటూ ఒకే గుర్తుకా కాదా అని అడగాలి. తెలంగాణ వాళ్లకు 2018 డిసెంబరు, 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికలు విడిగా వస్తాయి. మూడు రాష్ట్రాల వాళ్లకూ ఒకే ఫారం అచ్చువేస్తే మూడో రోజుకే గళ్ల పక్కన పెన్సిల్ రాతలు మొదలవుతాయి.

ఏడాదులు చెప్పి అడిగితే ఎవరికీ గుర్తుండదు. "లాక్‌డౌన్‌కు ముందు ఏడాది, మోదీ రెండోసారి గెలిచిన ఎంపీ ఎలక్షన్లో" అనండి. "బస్సు ఫ్రీ ఇస్తామన్నారే, ఆ ఎమ్మెల్యే ఎలక్షన్లో" అనండి. పార్టీ పేరు కంటే గుర్తు అడిగితే జవాబు తొందరగా వస్తుంది: చెయ్యి, పువ్వు, సైకిలు, ఫ్యాను, గ్లాసు, కారు. జేడీఎస్ గుర్తు తలమీద వరిమోపు పెట్టుకున్న ఆడమనిషి. తెలుగువాళ్లలో చాలామంది ఆ గుర్తు చెప్పలేక "దేవెగౌడ పార్టీ" అంటారు, అదే రాసుకోండి.

వరుస వచ్చాక నాలుగు రకాల్లో ఒకదానికి చేర్చాలి. అన్నిసార్లూ ఒకే గుర్తైతే స్థిరం. అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి అని ప్రతిసారీ అదే తీరులో వేస్తే చీలిక. గుర్తు మారి మళ్లీ వెనక్కు రాకపోతే మార్పు. ముందు వేసి తర్వాత ఓటు మానేస్తే విరమణ. ఏ తీరూ లేకుండా అటూ ఇటూ తిరిగిన వరుసలను కూడా మార్పులోనే వేసి, పక్కన చుక్క పెట్టుకోండి.

చీలికను పార్టీ విధేయత పోవడంగా లెక్కేయడం పెద్ద పొరపాటు. కర్ణాటకకు ఇది పాత అలవాటు. 1984 డిసెంబరు లోక్‌సభలో కాంగ్రెస్‌కు 28లో 24 ఇచ్చిన ఓటర్లే, మూడు నెలలు తిరక్కుండా 1985 మార్చిలో రామకృష్ణ హెగ్డే జనతా పార్టీకి 139 అసెంబ్లీ సీట్లు ఇచ్చారు. గిగ్ పనులూ యాప్‌లూ లేని రోజుల మాట ఇది. నేడు అదే పని చేసే మనిషిని చూసి "జీతం నిలకడ లేక ఇలా వేశాడు" అంటే చరిత్ర ఒప్పుకోదు.

ఇంకో చిక్కు అభ్యర్థి. కె.ఆర్.పురంలో బైరతి బసవరాజ్ 2013, 2018లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. పార్టీ మారి 2019 డిసెంబరు ఉపఎన్నికలో, తర్వాత 2023లో బీజేపీ తరఫున గెలిచారు. మహాలక్ష్మి లేఅవుట్‌లో గోపాలయ్య జేడీఎస్ నుంచి బీజేపీకి మారినా గెలుపు ఆగలేదు. ఇలాంటి చోట ఓటరు గుర్తు మార్చాడంటే పార్టీని వదిలినట్టా, మనిషిని అంటిపెట్టుకున్నట్టా? రెండూ కావచ్చు. అందుకే పట్టిక కింద ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి: "మీ ఎమ్మెల్యే రేపు వేరే గుర్తు మీద నిలబడితే ఓటు మనిషికా, గుర్తుకా?"

వరుసలో ఆఖరి గడి అమ్మానాన్నలది. "మీ నాయన కాలంలో ఇంట్లో ఏ గుర్తు?" రాయలసీమ నుంచి వచ్చిన ఇళ్లలో దీనికి జవాబు ఠక్కున వస్తుంది. రాకపోతే అదీ సమాచారమే, "తెలియదు" అని రాయాలి గాని గడి ఖాళీగా వదలకూడదు.

పేదరికం వేరు, నిలకడలేనితనం వేరు

నెల జీతం ఎంతని అడిగి దాన్నే అభద్రత అనుకుంటే సర్వే అక్కడే చెడుతుంది. నెలకు 16 వేలు వచ్చే గార్మెంట్ టైలరుకు పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయి. నెలకు 35 వేలు చూసే డెలివరీ కుర్రాడికి కాలు విరిగితే వచ్చే నెల సున్నా. కొలవాల్సింది ఈ ఊగిసలాటను. అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు:

1. గడిచిన 12 నెలల్లో రాబడి ఖర్చుకు చాలనివి ఎన్ని నెలలు? సున్నా లేదా ఒకటైతే 0, రెండు నుంచి నాలుగు 1, అయిదూ ఆపైన 2.
2. రేపటి నుంచి సంపాదన ఆగిపోతే చేతిలో ఉన్నదానితో ఎన్నాళ్లు గడుస్తుంది? మూడు నెలలు మించితే 0, ఒకటి నుంచి మూడు నెలలైతే 1, నెల లోపైతే 2.
3. పనికి కాగితం ఉందా? కంపెనీ నేరుగా పీఎఫ్ కడితే 0, కాంట్రాక్టరు పేరు మీద కడితే 1, ఏమీ లేకపోతే 2.
4. అప్పుల కంతులు రాబడిలో ఎంత? అయిదో వంతు లోపు 0, మూడో వంతు దాకా 1, దాటితే 2.
5. ఇల్లు? సొంతమైతే 0, కాగితం మీద అద్దె లేదా లీజైతే 1, నోటిమాట అద్దె, వర్క్‌సైట్ షెడ్డు అయితే 2.

మొత్తం పదికి. 0 నుంచి 3 దాకా నిలకడ, 4 నుంచి 6 మధ్యస్థం, 7 ఆపైన అభద్రత.

నాలుగో ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలి. "అప్పులున్నాయా?" అంటే "లేవు" అంటారు. విడివిడిగా అడగండి: గ్రూపు లోను, బంగారం కుదువ, చిట్టీ పాడుకున్నది, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది, అన్నదమ్ముల చేబదులు. చిట్టీ పాడనివాళ్లకు అది పొదుపు, పాడినవాళ్లకు అప్పు. ఈ తేడా అడగకపోతే లెక్క తలకిందులవుతుంది. మేస్త్రీ అడ్వాన్సును చాలామంది అప్పుగా చెప్పరు, కూలిలో విరుగుతుంది కాబట్టి. అదీ కలపాలి. అయిదో ప్రశ్నలో బెంగళూరు లీజును జాగ్రత్తగా చూడండి. లక్షలు ఒకేసారి ఓనరు చేతిలో పెట్టి అద్దె లేకుండా ఉండే పద్ధతి అది. ఆ లక్షలు ఎక్కడి నుంచి తెచ్చారన్నది నాలుగో ప్రశ్నలోకి వస్తుంది.

ఈ పది మార్కుల పక్కన ఒక్క ప్రశ్న విడిగా ఉంచండి: "వచ్చే ఏడాది ఈపాటికి ఇదే పని ఉంటుందనుకుంటున్నారా?" దీన్ని మొత్తంలో కలపొద్దు. మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కంతు కడుతున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పదికి రెండో మూడో వస్తాయి, భయం మాత్రం నిండుగా ఉంటుంది. వర్క్‌సైట్ షెడ్డులో ఉండే పాలమూరు కూలీకి తొమ్మిది వచ్చినా "పనికేం తక్కువన్నా, ఈ ఊళ్లో" అనొచ్చు. వాస్తవమూ భయమూ రెండూ ఓటును కదిలిస్తాయి, కదిలించే తీరు వేరు. కలిపేస్తే రెండూ కనబడవు.

ఎవరిని అడగాలి

పది బూత్‌లు, బూత్‌కు 20 మంది. ఒకే నియోజకవర్గంలో పదీ తీసుకోకండి. హోసూరు రోడ్డు వైపు గార్మెంట్ పనివాళ్లుండే బొమ్మనహళ్లిలో కొన్ని, కె.ఆర్.పురంలో కొన్ని, మహదేవపురలో కొన్ని పెట్టుకుంటే పనుల రకాలన్నీ వస్తాయి. ఓటరు జాబితా ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో భాగాల (అంటే బూత్‌ల) వారీగా దొరుకుతుంది. ఒక భాగంలో 1,080 పేర్లున్నాయనుకుందాం. జాబితా నుంచి 13, 14 మంది కావాలంటే (మిగతా ఫారాల సంగతి కింద ఉంది) 40 పేర్లు ఎత్తుకోవాలి, ఎందుకంటే బెంగళూరు జాబితాల్లో ఇల్లు మారిపోయినవాళ్లు చాలామంది. 1,080ని 40తో భాగిస్తే 27. ఒకటి నుంచి 27 లోపు చీటీ తీసి, 11 వస్తే 11, 38, 65 అలా పోవాలి. మనిషి దొరక్కపోతే మూడుసార్లు వెళ్లాకే వదిలేయాలి. పక్కింటివాళ్లను అడిగేయడం తేలిక, కానీ పగలు ఇంట్లో దొరికేవాళ్లంతా ఒకే రకం.

జాబితాలో భాష ఉండదు. పేరు చూసి తెలుగువాళ్లని ఊహించొద్దు. రెడ్డి అని ఉన్న ఇంట్లో మూడు తరాలుగా కన్నడమే మాట్లాడుతుండొచ్చు, మునియప్ప అని ఉన్న ఇంట్లో తెలుగు తప్ప మరోటి వినిపించకపోవచ్చు. గుమ్మంలోనే "ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడగండి. తెలుగు అయితే ముందుకు, కాకపోతే దండం పెట్టి తర్వాతి పేరుకు.

అన్నిటికంటే అభద్రతలో ఉన్నవాళ్లు ఈ జాబితాలో ఉండనే ఉండరు. వాళ్ల ఓటు అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల్లో ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. వాళ్లకోసం బూత్‌కు 20 ఫారాల్లో మూడో వంతు పక్కనపెట్టి నడక పద్ధతి వాడాలి. అంగన్‌వాడీ దగ్గరో నీళ్ల ట్యాంకు దగ్గరో మొదలుపెట్టి, కుడిచేతి వైపు ప్రతి ఏడో తలుపు. వఠారంలో ఒక్కో గదీ ఒక్కో తలుపు. ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తుందో వాళ్లనే అడగాలి. పుట్టినరోజు తెలియని ఇంట్లో వయసు వరుసగా పేర్లు రాసి చీటీ తీయండి. ఈ ఫారాలను జాబితా ఫారాలతో కలిపి ఒకే శాతం తీయకూడదు. రెండు పట్టికలుగానే ఉండాలి.

ఇక్కడో ప్రశ్న అడగాల్సే ఉంటుంది: ఓటు ఇక్కడా, ఊళ్లోనా? 2024లో బెంగళూరులో పోలింగ్ ఏప్రిల్ 26న, ఆంధ్రలో మే 13న జరిగింది. రెండు చోట్లా పేరున్నవాళ్లు తారసపడతారు. రెండు చోట్ల ఓటు నమోదు చట్టం ఒప్పుకోదు. తీర్పు చెప్పడానికి మీరు వెళ్లలేదు కాబట్టి ఎక్కడ వేశారో అంతవరకే రాసుకుని సాగిపోండి. ఓటు ఇక్కడికి మార్చుకోవాలని వాళ్లే అడిగితే ఫారం 8 అని చెప్పండి.

గుమ్మం దగ్గర

ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒకరు ఆడవాళ్లై ఉండాలి. భార్యను అడిగిన ప్రశ్నకు వెనక నుంచి భర్త జవాబిచ్చే ఇళ్లే ఎక్కువ. అప్పుడు రెండో మనిషి ఆయన్ను మాటల్లో పెట్టి వీధిలోకి నడిపించాలి. జట్టుకు సాయంత్రానికి నాలుగు ఫారాలు మించితే ఆఖరివి నాసిగా వస్తాయి. రెండు జట్లకు రోజుకు ఎనిమిది, 200కు పాతిక సాయంత్రాలు.

వేళలు పనిని బట్టి. గార్మెంట్ వాళ్లు ఆదివారం పొద్దున బట్టలుతుక్కునే వేళ తర్వాత దొరుకుతారు. పీజీ వంటమనుషులు మధ్యాహ్నం మూడు నుంచి అయిదు. డెలివరీ వాళ్లు భోజనాల గిరాకీ తగ్గాక, మూడున్నర తర్వాత. బిల్డింగ్ పనివాళ్ల దగ్గరికి వారం బటవాడా అయ్యే సాయంత్రం వెళ్లొద్దు: చేతిలో డబ్బు పడిన గంటకు అందరి బతుకూ బాగానే ఉంటుంది. నెల మొదటి వారానికీ చివరి వారానికీ జవాబులు మారతాయి, అందుకే ప్రతి బూత్‌లోనూ సగం ఫారాలు పదో తేదీలోపు, సగం ఇరవై తర్వాత నింపి, తేదీ తప్పక వేయండి.

మొదటి మాట ఇలా ఉండాలి: "అక్కా, మేం ఏ పార్టీ తరఫునా రాలేదు, గవర్నమెంటు వాళ్లమూ కాదు. పేరు రాయం, ఫోన్ నంబరు అడగం. దీనివల్ల ఏ పథకమూ రాదు, ఉన్నది పోదు." ఆఖరి వాక్యం మింగేస్తే రేషన్ కార్డు పరిశీలనకు వచ్చారనుకుని రాబడి తగ్గించి చెప్తారు. మొదటి వాక్యం మింగేస్తే ప్రభుత్వంలో ఉన్న పార్టీ పేరే చెప్తారు. చేతిలో ట్యాబ్ కంటే కాగితం మేలు. మెడలో తాడు, ఐడీ కార్డు వేసుకోకండి.

ప్రశ్నల వరుస జవాబును మారుస్తుంది. అప్పుల గురించి పావుగంట మాట్లాడించి తర్వాత ఓటు అడిగితే, కోపమంతా పాలకపార్టీ మీదికి పోతుంది. అందుకని ఫారాలు రెండు రకాలుగా అచ్చువేయండి: "అ" ఫారంలో ఓట్లు ముందు, "ఆ" ఫారంలో బతుకుతెరువు ముందు. ఒకటి విడిచి ఒకటి వాడండి. చివర్లో రెండింటినీ పోల్చితే వరుస వల్ల వచ్చిన తేడా ఎంతో తెలుస్తుంది.

ఓట్ల పట్టికను మీరు నింపొద్దు. లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ చేసే ఎన్నికల సర్వేల్లో నమూనా బ్యాలెట్ ఇచ్చి పెట్టెలో వేయించుకునే పద్ధతి ఉంది. అదే చేయండి. గుర్తుల బొమ్మలున్న కాగితం ఇచ్చి, వాళ్లే టిక్కు పెట్టి, మడిచి, చీలికున్న డబ్బాలో వేయాలి. కాగితం మూల ఫారం వరుస సంఖ్య ముందే ఉండాలి, అది ఉందన్న సంగతి కూడా వాళ్లకు చెప్పాలి.

పథకాల ప్రశ్నలో ఒక మెలిక ఉంది. కర్ణాటకలో గృహలక్ష్మి కింద ఇంటి యజమానురాలికి నెలకు 2,000, గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు, 2023 జూన్ 11 నుంచి శక్తి కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం. వీటికి కర్ణాటక చిరునామా కాగితాలు కావాలి. ఆంధ్ర ఆధార్‌తో ఉన్న ఆమె, పక్కగది ఆమె ఉచితంగా ఎక్కిన బస్సులోనే టిక్కెట్టు కొంటుంది. కాబట్టి "పథకం వస్తోందా?" తర్వాత "రాకపోతే ఏ కాగితం అడ్డుపడింది?" అని ఉండాలి. "ఎవరిచ్చారు?" అన్నది ఆఖర్న. ముఖ్యమంత్రి పేరు, పార్టీ పేరు, "గవర్నమెంటు", "మా హక్కు", నాలుగూ వేర్వేరు జవాబులు, వేర్వేరుగానే రాయాలి.

పది ఫారాలకు ఒకటి చొప్పున నిదానంగా మాట్లాడే సంభాషణ పెట్టుకోండి, పాత తరంతో ముఖ్యంగా. హెచ్ఎంటీ, ఐటీఐ, బీఈఎల్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు యూనియనూ క్వార్టర్సూ కలిసి రాజకీయం నేర్పాయి. 1980-81లో ఈ ఫ్యాక్టరీల సమ్మె 77 రోజులు నడిచింది. దాని పక్కన 2016 ఏప్రిల్ పెట్టి చూడండి. పీఎఫ్ తీసుకునే నిబంధన మార్చారని గార్మెంట్ పనివాళ్లు వేలల్లో రోడ్డెక్కారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. ముందుండి నడిపిన పార్టీ గాని పెద్ద యూనియన్ గాని లేదు. కేంద్రం రెండు రోజుల్లో వెనక్కు తగ్గింది. వాళ్లకు రాజకీయం రాదని కాదు, దాన్ని పార్టీ గుండా నేర్చుకోలేదు. వీధి స్థాయిలో పార్టీని గుర్తుచేసే కార్పొరేటరు కూడా నగరానికి 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు ముగిశాక ఏళ్ల తరబడి లేడు. "డ్రైనేజీ పొంగితే ఎవరికి ఫోన్ చేస్తారు?" అన్న ప్రశ్న ఈ సంభాషణల్లో పార్టీ గురించి నేరుగా అడిగిన పది ప్రశ్నల కంటే ఎక్కువ చెప్తుంది.

పట్టిక వేసి చదవడం

ముందు జవాబుల నిజాయితీ చూడాలి. ప్రతి ఎన్నికకూ బూత్ వారీ ఓట్లు ఫారం 20లో ఉంటాయి. మీ బూత్‌లలో 2023కు జనం చెప్పుకున్న ఓటునూ ఫారం 20నూ పక్కపక్కన పెట్టండి. గెలిచిన పార్టీ మీ ఫారాల్లో పది శాతం పాయింట్లకు మించి ఎక్కువగా కనిపిస్తే, ఓడినవాళ్లకు వేసినవాళ్లు మాట మార్చారన్నమాట. బూత్ నంబర్లు ఎన్నిక ఎన్నికకూ మారతాయి, బడి పేరూ గది నంబరూ చూసి జతచేయాలి. 2008కి ముందు అంకెలతో పోల్చకండి, అప్పుడు నియోజకవర్గాల హద్దులే వేరు.

తర్వాత అడ్డంగా మూడు అభద్రత గుంపులు, నిలువుగా నాలుగు ఓటు రకాలు. ఒక గుంపులో 65 మంది, ఇంకో గుంపులో 65 మంది ఉంటే, వాళ్ల మధ్య 17 శాతం పాయింట్ల లోపు తేడాను తేడాగా చెప్పొద్దు, అది చీటీల అదృష్టం. 30 మంది కూడా లేని గుంపుకు శాతాలు రాయకండి, మనుషుల సంఖ్యే రాయండి.

తేడా కనిపించినా ఆగండి. 35 ఏళ్లలోపు వాళ్లలో పని నిలకడా తక్కువే, పార్టీ మమకారమూ తక్కువే. వయసు చేసిన పనిని అభద్రత ఖాతాలో వేసే ప్రమాదం ఉంది. 35 లోపు, ఆపైన అని రెండు పట్టికలు వేసి, రెండింటిలోనూ తేడా నిలిస్తేనే లెక్కలోకి తీసుకోండి. నగరానికి వచ్చి అయిదేళ్లు దాటిందా లేదా అన్నదానికీ అదే పరీక్ష. ఊరు వదిలితే పార్టీ జెండా పట్టుకున్న బావమరిదీ దూరమవుతాడు కదా.

చివరికి ఏది ముందు అన్న ప్రశ్న. పని చెడింది ముందా, గుర్తు మారింది ముందా? ఫారంలో ఒక గీత గీసి దానిమీద నోట్ల రద్దు, లాక్‌డౌన్, పిల్లల బడి ఫీజు పెరిగిన ఏడు, గుర్తు మార్చిన ఎన్నిక గుర్తుపెట్టించండి. మార్పు రకంలో ఉన్నవాళ్లలో గుర్తే ముందు మారినవాళ్లు సగం దాకా ఉంటే, మీ వాడలో డబ్బు కంటే వేరే కారణం బలంగా ఉందనుకోవాలి. కులం, అభ్యర్థి, ఊరి తగాదా, ఏదైనా కావచ్చు.

ఎప్పుడు చేయకూడదు

ఎన్నికల వేళ వద్దు. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ ప్రకారం ఎన్నికల సంఘం ప్రకటించిన గడువులో ఎగ్జిట్ పోల్ చేసినా ప్రచురించినా రెండేళ్ల దాకా జైలు. మీది ఎగ్జిట్ పోల్ కాదని వీధిలో ఎవరూ నమ్మరు. షెడ్యూలు రావడానికి మూడు నెలల ముందు గాని, ఫలితాలొచ్చిన మూడు నెలల తర్వాత గాని పెట్టుకోండి. ఉగాది, సంక్రాంతి వారాల్లో వాడ సగం ఖాళీ, ఊళ్లకు పోయి ఉంటారు.

ఫారాలు, మడిచిన బ్యాలెట్లు వేర్వేరు చోట్ల ఉంచాలి. కంప్యూటర్లోకి ఎక్కించి, పదింటికి ఒకటి రెండోసారి సరిచూశాక బ్యాలెట్లు చింపేయండి. వీధి పేరుతో ఫలితం రాయకండి. ఒక వఠారంలో పది గదులే ఉంటే ఎవరు ఎటు వేశారో ఓనరు కనిపెట్టేస్తాడు, అద్దె కాగితం లేనివాళ్లుంటున్నది ఆ గదుల్లోనే.